మన పెరటి వట్టివేరు

వట్టివేరు పరిమళము నెరుగనివారు మన కళాశాలలో అరుదు. ఉర్దూ మాతృభాషగా గల మిత్రులు దానిని ఖస్ అందురు. వేసవిలో ఖస్ షర్బత్తు, పెండ్లిండ్లలో ఖస్ అత్తరు వారికి చిరపరిచితములు. తెలుగు ఇండ్లలో అది మట్టికుండ నీటిలో వేసెడి వేళ్ల కట్టగా, పట్టుచీరల మడతలలో దాచెడి పొట్లముగా పరిచితము. సంస్కృత వైద్య గ్రంథములు దీనిని ఉశీరమని పేర్కొన్నవి. ఇన్ని పేర్లతో ఇంత చేరువలో నున్న వస్తువే అయినను, దాని మొక్క ఎట్లుండునని అడిగినచో చెప్పగలవారు తక్కువ. మా ఉద్యాన బృందములో మొదట ఈ ప్రశ్న వేసికొన్నప్పుడు ఒకరు తీగ యనిరి, ఒకరు చెట్టు వేరనిరి. గడ్డి యని చెప్పినవారు ఒక్కరును లేకపోయిరి.

పేరు విషయమున ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు సాగుదుము. మాలో ఒకరిని బేగంబజారుకు పంపి ఖస్ తెమ్మనగా, ఆ మిత్రుడు పావుకిలో గసగసాలు తెచ్చెను. తప్పు పూర్తిగా అతనిది కాదు. ఉర్దూలో గసగసాలను ఖష్‌ఖష్ అందురు, వాడుకలో అది ఖస్‌ఖస్ అగును. ఆంగ్ల పుస్తకములు కొన్ని వట్టివేరునే ఆ పేరుతో వ్రాయుటచే గందరగోళము మరింత హెచ్చినది. ఒకటి గడ్డి వేరు, మరియొకటి నల్లమందు మొక్క గింజ. ఆ గసగసాలు ఆనాటి సాయంకాలమే వసతిగృహపు వంటశాలలో కూరకు ఉపయోగపడినవి.

వట్టివేరు బహువార్షికమగు గడ్డి. జొన్న, చెరకు, నిమ్మగడ్డి దీనికి దగ్గరి చుట్టములు. శాస్త్రజ్ఞులు నేడు దీనిని క్రైసోపోగాన్ జిజానియాయిడిస్ అందురు. వెనుకటి పుస్తకములలో వెటివేరియా జిజానియాయిడిస్ అని యుండును. ఆ వెటివేరు అను పదము తమిళము నుండి ఫ్రెంచివారి ద్వారా లోకమంతట వ్యాపించినది, మన వట్టివేరునకు అది తోబుట్టువు. మొక్క దుబ్బుగా పెరిగి నాలుగైదు అడుగుల ఎత్తునకు లేచును. ఆకులు సన్ననివి, పొడవైనవి, అంచులు కొంచెము గరుకు. ఆకును నలిపి వాసన చూచినచో ఏమియు తెలియదు. పరిమళమంతయు వేరులోనే గలదు. మొక్క కొనువారికి ఇది మంచి పరీక్ష. ఆకు నలిపినంతనే నిమ్మవాసన వచ్చినచో అది నిమ్మగడ్డి. ఒకసారి ఒక తోటలో మేము వట్టివేరని నమ్మి తెచ్చిన పది సంచులలో నాలుగు నిమ్మగడ్డివే. ఆకులు చూచుటకు ఒకే రీతిగా నుండుటచే అమ్మినవారికిని తెలియలేదు.

ఈ గడ్డి యొక్క అసలు విశేషము నేల క్రింద నుండును. చాలా గడ్డి జాతుల వేళ్లు పైపొరలో చాప వలె ప్రక్కలకు అల్లుకొనును. వట్టివేరు వేళ్లు నిట్టనిలువుగా క్రిందికి దిగును. లోతైన మెత్తని నేలలో ఇవి రెండు మూడు మీటర్ల వరకు పోవును. వేరు సన్ననిదైనను దాని తన్యతా బలము సగటున 75 మెగాపాస్కల్స్ అని కొలిచియున్నారు. మెత్తని ఉక్కు బలములో ఇది ఆరవ వంతు. ప్రక్క మొక్కల ఆహారమును దోచుకొనదు, ప్రాకుచు పోదు. దక్షిణ దేశమున సాగులోనున్న రకములు పూయుటయే అరుదు, పూసినను మొలకెత్తగల విత్తనము కట్టవు. ఉత్తర హిందూదేశపు అడవి రకములు మాత్రము విత్తనము కట్టును. కావున మన పెరటిలో నాటిన వరుస ఇరువది ఏండ్లయినను నాటినచోటనే యుండును. విత్తనము లేని మొక్క తరతరములుగా మనుష్యుల చేతిమీదుగనే సాగివచ్చినది. ఒక దుబ్బును విడదీసి మరియొకరికి ఇచ్చుట తప్ప దీనికి వేరు వంశవృద్ధి లేదు. ఈ ఒక్క మాటను మరచుటవలన మాకు కలిగిన నష్టమును ముందు చెప్పి, పెంపకపు పద్ధతిని తరువాత చెప్పుదుము.

మన కళాశాల మణికొండలో గలదు. ఈ ఊరి పేరులోనే కొండ యున్నది. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమగుటయు, అదే సంవత్సరమున సమీపమందలి గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము ఏర్పడుటయు ఈ ప్రాంతపు రూపమును మార్చినవి. అంతకు పూర్వము రాతిగుట్టలు, చెలకలు, చిన్న చెరువులు గల పల్లె 2018 నాటికి పురపాలక సంఘమైనది. అంతస్తులు లేచినవి గాని నేల వాలు మారలేదు. ఇచ్చట పైన ఒకటి రెండు అడుగుల ఎర్రమట్టి, దాని క్రింద మొరము, ఆ క్రింద దాదాపు రెండువందల యేబది కోట్ల ఏండ్ల నాటి నల్లసరపు రాయి. ఒక స్థలమున సెల్లారు త్రవ్వినచో దాని పైవైపున నున్న స్థలపు మట్టికి ఆధారము పోవును. తరువాత వచ్చు వాన ఆ మట్టిని వీధిలోనికి చేర్చును, వీధి దానిని కాలువకు, కాలువ చెరువునకు చేర్చును.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదులో కురిసిన కుంభవృష్టి చాలమందికి జ్ఞాపకముండును. ఆ రాత్రి మన కళాశాల వెనుక గట్టు జారి, దాని మట్టి సైకిళ్ల చావడి వరకు వచ్చినది. మరునాడు పారలతో ఎత్తిన మట్టిని ట్రాక్టరులో బయటకు పంపిరి. మట్టి పోవుట ఒక నష్టము, దానిని డబ్బిచ్చి పారవేయించుట రెండవ నష్టము అని మా అధ్యాపకులలో ఒకరు అనిరి. ఆ గట్టుపై 2022 జూన్ మాసమున మేము వట్టివేరు పిలకలను ఒక వరుసగా నాటితిమి. ఆ వానాకాలమునను, 2023 వానలకును గట్టు కదలలేదు. వరుసకు పైవైపున కొట్టుకొనివచ్చిన ఎర్రమట్టి నిలిచి, జానెడు వెడల్పున చిన్న మెట్టు ఏర్పడినది.

ఇక మా పొరపాటు. 2024 ఫిబ్రవరిలో గ్రంథాలయపు పడమటి కిటికీలకు ఖస్ తడికలు కట్టవలెనని మాకు ఉత్సాహము పుట్టినది. వేరు పక్వమునకు వచ్చినది, గడ్డపారలు చేతిలో నున్నవి. రెండు దినములలో వరుసనంతయు త్రవ్వి తీసితిమి. వేళ్లను కోసికొని, దుబ్బుల మొదళ్లను భవనము నీడలో కుప్పగా వేసితిమి. జూన్‌లో వానలు పడిన పిదప నాటవచ్చునని మా ఆలోచన. మా తోటమాలి చాచా ఆ కుప్పను చూచి, "జడ్ లియే తో పౌదా జమీన్ కు వాపస్ దేనా బేటా" అనెను. వేరు తీసికొన్నవారు మొక్కను నేలకు తిరిగి యీయవలెనని దాని భావము. ఎండాకాలములో నాటిన ఏమి బ్రతుకునని మేము ఆయనతో వాదించితిమి. ఆ మొదళ్లు ఏప్రిల్ నాటికి చీపురుపుల్లల వలె ఎండిపోయినవి. జూలై వానకు గట్టు అదే చోట తెగి, రెండడుగుల వెడల్పున గండి పడినది. తడికలు మాత్రము చక్కగా కుదిరినవి. వాటి చల్లదనమున కూర్చున్నప్పుడు గండి కనబడుచుండెను.

అదృష్టవశమున నీటికొళాయి ప్రక్కన రెండు దుబ్బులు మా దృష్టికి రాక మిగిలినవి. ఈనాడు గట్టుమీద నున్న వరుసయంతయు ఆ రెండింటి సంతానమే.

పిలకలను విడదీయుటకు తగిన కాలము మృగశిర కార్తె వానలు నేలను తడిపిన వెనుక, అనగా జూన్ రెండవ పక్షము నుండి జూలై చివరి వరకు. కొళాయి నీరు సమృద్ధిగా గలవారు ఫిబ్రవరిలోనైనను చేయవచ్చును గాని ఎండలు ముదరకముందే వేరు తన్నుకొనవలెను. మొదట దుబ్బు ఆకులను నేలకు జానెడు ఎత్తున కొడవలితో కోయవలెను. దుబ్బు చుట్టును ఒక అడుగు దూరమున గడ్డపార దించి, మట్టి వదులు చేసి, ఒక ప్రక్క నుండి ఎత్తవలెను. చేతితో పీకుటకు యత్నించుట వృథా, చేతులు కోసికొనుట తప్ప ఫలము లేదు. ఏడాది వయస్సు గల దుబ్బు నుండి ముప్పదికి తక్కువ కాకుండ పిలకలు మాకు వచ్చినవి. దుబ్బును నీటిలో నొక పూట నానబెట్టినచో మట్టి వదలి, ఏ పిలక ఎచ్చట అతుకుకొనియున్నదో స్పష్టముగా కనబడును.

విడదీయునప్పుడు ఒక్కొక్క పిలకను వేరుచేయుటకు ఆశపడరాదు. రెండు లేక మూడు పిలకలు కలిసియున్న ముక్కలే త్వరగా కుదురుకొనును. మధ్యభాగమున నున్న ముదిరి ఎండిన కాడలను తీసివేసి, అంచులలోని పచ్చని వానిని ఎన్నుకొనవలెను. దుబ్బు నడిమికంటె అంచుననే వయస్సు తక్కువ, జీవము ఎక్కువ. ప్రతి ముక్కకు వేళ్లను నాలుగు అంగుళములకు కత్తిరింపవలెను. పొడవైన పాత వేళ్లను చుట్టలు చుట్టి గుంటలో కుక్కినచో అవి కుళ్లును, కొత్త వేళ్లు ఆలస్యమగును. ఆకులను ఆరేడు అంగుళములు ఉంచి తక్కినది కోయవలెను, లేనిచో వేరు కుదురుకొనకముందే ఆకుల ద్వారా నీరంతయు ఆవిరియై పోవును. చాచా ఈ ముక్కలను నాటుటకు ముందు పలుచని పేడనీటిలో ముంచును. వేరు తడి ఆరకుండుటకు అది మేలు. పేడ దొరకనిచో మట్టినీరైనను చాలును. విడదీసిన ముక్కలు ఎండలో పది నిమిషములు కూడ పడియుండరాదు, తడి గోనెసంచి కప్పవలెను.

నాటెడి దూరము ఉద్దేశమును బట్టి మారును. గట్టు నిలుపుట కోరినచో ముక్కకు ముక్కకు నాలుగు నుండి ఆరు అంగుళములకు మించరాదు. వరుస నీరు పారెడి దిశకు అడ్డముగా, ఒకే మట్టమున సాగవలెను. వాలుకు నిలువుగా నాటినచో అది నీటికి అడ్డుపడదు, త్రోవ చూపును. మట్టము చూచుటకు మేము పారదర్శకమగు పొడవైన రబ్బరు గొట్టములో నీరు నింపి, దాని రెండు కొసలందలి నీటి ఎత్తును సరిచూచితిమి. తాపీమేస్త్రీలు పునాదులకు చేయు పద్ధతియే ఇది. కేవలము వేరు కొరకే పెంచువారు ఒకటిన్నర అడుగుల దూరమున నాటవలెను. ఏ పద్ధతిలోనైనను ముక్క మొదలు నేలలో రెండు అంగుళములు దిగి, చుట్టును మట్టి కాలితో గట్టిగా అదిమి యుండవలెను. మొదటి ఆరు వారములు వాన లేని దినములలో నీరు పోయవలెను. నెల గడచిన పిదప ఎచ్చట మొక్క చచ్చినదో చూచి ఆ ఖాళీలో మరియొకటి నాటవలెను. ఇందుకొరకు ఇరువది ముక్కలను మట్టి సంచులలో వేరుగా పెంచుకొనుట మంచిది. వరుసలో ఒక్క ఖాళీ యున్నను నీరు దానినే వెదకుకొని పోవును, మిగిలిన మొక్కల శ్రమ వ్యర్థమగును.

కుదురుకొన్న వట్టివేరునకు సేవ తక్కువ. ఎండాకాలమున ఆకు ఎండినట్లు కనబడినను మొదలు బ్రతికియుండును, తొలకరికి మరల చిగుర్చును. వారము దినములు నీటిలో మునిగియున్నను చావదు. అది ఓర్వలేనిది ఒక్క నీడను మాత్రమే. భవనముల నడుమ రోజంతయు నీడ పడెడి ఇరుకు స్థలములలో దీనిని నాటి ప్రయోజనము లేదు. మణికొండలో ఇల్లు కట్టుకొన్న మా మిత్రులు కొందరు ప్రక్క భవనము లేచిన రెండవ ఏటనే తమ మొక్కలు సన్నగిల్లినవని చెప్పిరి. ఏటికి రెండుసార్లు ఆకులను మోకాలి ఎత్తునకు కోసినచో పిలకలు పెరిగి దుబ్బు చిక్కబడును. కోసిన ఆకులు మొక్కల మొదట పరచుటకు, లేతవైనచో పశువుల మేతకు పనికివచ్చును. ఎండిన కాడలను దుబ్బులో వదలినచో చెదలు చేరును, మాకు కలిగిన ఒకే చీడ అది.

వేరును కోరువారికి నేల కంటె గోనెసంచి లేక పాత డ్రమ్ము మేలని మా అనుభవము. రాతినేల నుండి వేరు తీయుట బహుకష్టము, సగము నేలలోనే తెగి మిగులును. అడుగు తీసివేసిన డ్రమ్మును ఎండ తగులుచోట నిలిపి, రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, కొంచెము చివికిన ఎరువు కలిపి నింపి, నడుమ మూడు ముక్కలు నాటవలెను. పదునైదు నుండి పదునెనిమిది నెలలకు వేరు పక్వమగును. ముందుగా తీసిన వేరు తెల్లగా, పలుచని వాసనతో నుండును. పక్వమైన వేరు పసుపు కలిసిన గోధుమరంగునకు తిరిగి, విరిచినప్పుడు తడిమట్టి వాసన వంటి గాఢ పరిమళము నిచ్చును. చలికాలపు చివర, మట్టి పొడిగా నున్నప్పుడు డ్రమ్మును ప్రక్కకు వాల్చి తట్టినచో మొత్తము పోగు బయటికి వచ్చును. వేళ్లను త్వరగా కడిగి నీడలో ఆరబెట్టవలెను. గంటలకొలది నానబెట్టుట, ఎండలో ఎండబెట్టుట పరిమళమును హరించును.

డ్రమ్ము నుండి తీసిన మొక్క మొదలు చేతిలో నుండగనే దానిని విడదీసి, అదే పూట సంచులలోనో అదే డ్రమ్ములోనో నాటుట ఇప్పుడు మాకు నియమము. ఎండాకాలము వచ్చుచున్నను నీడ పందిరి క్రింద ఆరు వారములు తడి ఆరకుండ చూచి, పిదప ఎండలోనికి మార్చినచో నూటికి ఎనుబది బ్రతుకుచున్నవి. చాచా మాటకు మేము ఆలస్యముగా చెల్లించిన గౌరవమిది. గట్టుమీద వరుస నుండి వేరు తీయుట పూర్తిగా మానితిమి. ఎవరికైనను తప్పనిసరియైనచో ఒక ఏట ఒక్క దుబ్బు విడిచి ఒక్క దుబ్బు కాదు, పదింటికి ఒకటి మాత్రమే తీసి, ఆ గుంటలో ఆ దినమే కొత్త పిలక నాటవలెను.

ఈ గడ్డి గట్టులను నిలుపునను విషయము మేము కనిపెట్టినది కాదు. మైసూరు ప్రాంతమున గుండ్లుపేట రైతులు చిరకాలముగా పొలము గట్లపై దీనిని పెంచుచుండిరి. 1980 దశకమున ప్రపంచ బ్యాంకు పక్షమున మన దేశమునకు వచ్చిన జాన్ గ్రీన్‌ఫీల్డు, రిచర్డ్ గ్రిమ్‌షా అను వారు మట్టికోతను ఆపుటకు సిమెంటు, రాతికట్టడములకంటె చౌకయైన ఉపాయముగా దీనిని ప్రచారము చేసిరి. గ్రీన్‌ఫీల్డు అంతకు పూర్వము ఫిజీ దీవుల చెరకు తోటలలో దీనిని వాడి చూచినవాడు. 1993లో అమెరికా జాతీయ పరిశోధన మండలి దీనిపై ఒక గ్రంథమునే ప్రకటించినది. మన పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ కూడ ఎర్రనేలలలో వట్టివేరు వరుసలను పరీక్షించినది. ఆ నేలలకును మన మణికొండ నేలకును భేదము స్వల్పము.

ఇంకను దగ్గరి ఉదాహరణము నెక్నాంపూర్ చెరువు. మణికొండను ఆనుకొనియున్న ఈ చెరువులోనికి చాలకాలము ఇండ్ల మురుగునీరు చేరినది. 2018లో ధ్రువాన్ష్ అను స్వచ్ఛంద సంస్థ, అధికారుల సహకారముతో, దాదాపు 3,000 చదరపు అడుగుల తేలుడు తోటను ఆ నీటిపై నిలిపినది. వెదురు, తేలెడి థర్మోకోల్, గోనెపట్టలు, గులకరాళ్లు పొరలుగా పేర్చి, వాటిలో వట్టివేరు, మెట్టతామర, జమ్ము మొదలగు మొక్కలను మట్టి లేకుండ నాటిరి. వేళ్లు నీటిలోనికి వ్రేలాడుచు అందలి నత్రజని, భాస్వరము వంటి వానిని పీల్చుకొనును, వేళ్లను ఆశ్రయించిన సూక్ష్మజీవులు కుళ్లు పదార్థమును విడగొట్టును. మేము విద్యార్థులతో పోయి చూచి మిక్కిలి సంతోషించితిమి.

అయితే ఆ సంతోషములో ఒకరు అడిగిన ప్రశ్న ఇచ్చట వ్రాయక తప్పదు. ఆ వేళ్లను కూడ ఎండబెట్టి నీటికుండలో వేసికొనవచ్చునా? కూడదు. మురుగునీటిలో సీసము, కాడ్మియము వంటి లోహములుండినచో వట్టివేరు వానిని ప్రధానముగా తన వేళ్లలోనే నిలువచేయును. చెరువును శుభ్రము చేయుటకు దానిని యోగ్యము చేసిన గుణమే మన కుండకు దానిని అయోగ్యము చేయును. అపార్టుమెంటులలో శుద్ధిచేసిన మురుగునీటితో తడిపిన వరుసల వేరును గూడ తడికలకు వాడుకొనవచ్చును గాని త్రాగునీటికి, షర్బత్తునకు వాడరాదు. కుండకు కావలసిన వేరును శుభ్రమైన మట్టి, మంచినీరు గల డ్రమ్ములోనే పెంచుకొనవలెను. బజారులో కొనెడి కట్ట ఎచ్చటి నీటిలో పెరిగినదో మనకు తెలియు త్రోవ లేదు. స్వంతముగా పెంచుకొనుటకు మా దృష్టిలో ఇదియే గట్టి కారణము. షర్బత్తు విషయమున మరియొక ముక్క. అంగడి సీసాలలోని చిలకపచ్చ రంగు వేరు నుండి వచ్చినది కాదు, కలిపినది. ఇంట్లో వేరు నానబెట్టిన నీరు పలుచని గోధుమరంగులో నుండును, దానిని చూచి కల్తీ యని భ్రమపడరాదు.

తడికల విషయము గూడ కొంత చెప్పవలెను, ఏలయనగా మా పొరపాటునకు మూలము అవియే. అబుల్ ఫజల్ రచించిన ఆయిన్-ఎ-అక్బరీలో ఖస్ తడికలతో గదులు చల్లబరచు పద్ధతి ప్రస్తావింపబడినది. హైదరాబాదు నగరమున పెద్ద ఇండ్లలో గుమ్మములకు వీనిని కట్టి, నౌకర్లు నీరు చల్లుచుండెడి రోజులు మా పెద్దలకు తెలియును. తరువాత వచ్చిన ఎయిర్ కూలర్లలో కొంతకాలము ఖస్ పట్టలే యుండెను. ఇందలి సూత్రము సులభము. ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కెలోరీల వేడి కావలెను. ఆ వేడిని అది తన మీదుగా వీచెడి గాలి నుండి తీసికొనును, గాలి చల్లబడును. గాలి ఎంత పొడిగా నున్న అంత ఫలితము. కావుననే ఏప్రిల్, మే మాసములలో హైదరాబాదున తడిక పనిచేసినట్లు విశాఖపట్టణమున పనిచేయదు, ఆ సముద్రతీరపు గాలిలో తేమ ముందే నిండియుండును. మన గ్రంథాలయపు తడికకు వెదురు చట్రము, నడుమ రెండు అంగుళముల మందమున వేరు పరచి, ఇరుప్రక్కల జనపనార దారపు అల్లిక. ఎదుటి కిటికీ తెరచియుంచినచో గాలి ఆడును. మూసినచో గది ఉక్కపోయును. ఉదయము ఒకసారి, మధ్యాహ్నము రెండుసార్లు నీరు చల్లినచో చాలును. వానాకాలమునకు ముందు విప్పి పొడిగా ఆరబెట్టనిచో బూజు పట్టును.

2025 జూన్‌లో, మిగిలిన రెండు దుబ్బుల సంతానముతో, గట్టుపై మరల వరుస పూర్తిచేసితిమి. గండి పడినచోట మాత్రము మొక్కలకు తోడు నాలుగు ఇసుక బస్తాలు అడ్డము పెట్టవలసివచ్చినది. వేరు దిగుటకు ఒక ఏడాది పట్టును గదా. ఆ వానాకాలమున మట్టి చావడి వరకు రాలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భమున ఒక మనవి. వెనుక గట్టును కోసి అచ్చట వాహనముల నిలుపుదలకు సిమెంటు గోడ, చప్టా కట్టుటకు ఆలోచన జరుగుచున్నదని విన్నాము. స్థలము అవసరమును మేము కాదనము. గోడ అవసరమైన చోట గోడయే కట్టవలెను, నిటారుగా కోసిన ఎత్తైన గట్టును గడ్డి ఒక్కటియే నిలుపజాలదు. కాని గోడ పైనుండు వాలులో వరుసకు రెండు గజముల వెడల్పు విడిచినచో మట్టి, నీరు గోడపై పడెడి భారము తగ్గును. అది వీలుపడనిచో, యంత్రము వచ్చుటకు పదిదినములు ముందుగా మా బృందమునకు తెలియజేయ కోరుచున్నాము. దుబ్బులను త్రవ్వి, విడదీసి, సంచులలో నాటుకొనుటకు మాకు అంత వ్యవధి కావలెను. ఇప్పటికి గ్రంథాలయము వెనుక నీడ పందిరి క్రింద నూట నలుబది సంచులు సిద్ధముగా నున్నవి. విద్యార్థులు జూన్ మాసాంతమున ఇంటికి రెండేసి తీసికొని పోవచ్చును. సంచిని తిరిగి తెచ్చి యిచ్చినచో అందులో మరల నాటుదుము.